నాలుగు వేళ్ళ సందు

సింహాచలమ్మ బాత్రూం తలుపును ఎడమ భుజంతో ఆపి, ఏప్రాన్ జేబులోంచి చెక్క తీసి నేలమీద వేసింది. దాన్ని కుడికాలి బొటనవేలితో తలుపు కిందికి తోసి భుజం తీసేసింది. స్ప్రింగు తలుపు ఒకసారి మూలిగి, వెనక్కి వచ్చి, చెక్కకి ఆనుకుని ఆగిపోయింది. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది. ఆమె తన నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి ఆ సందులో పెట్టి చూసుకుంది. చెక్కా మారదు, వేళ్ళూ మారవు. అయినా రోజూ చూసుకుంటుంది. చూసుకోకపోతే ఆమెకి పొద్దున్న అయినట్టే ఉండదు.

"నీల్లు ఎచ్చగున్నాయి, బేగి రండే! పానీ గరమ్ హై, జల్దీ ఆవో!"

రెండు భాషల్లో ఒకే గొంతుతో వేసిన ఆ కేకకి వార్డులో మంచాలు కిర్రుమన్నాయి. ఎవరో దుప్పటి ఇంకా పైకి లాక్కున్నారు. ఎవరో "పాంచ్ మినిట్, మౌసీ" అని బతిమాలారు. "మీ పాంచి మినిట్లు నాకు తెల్దా" అంటూ ఆమె గోడ వారనున్న స్టూలు లాగి, కూర్చునే చోటు కొంగుతో తుడిచింది.

భిలాయి నుంచి కుమ్హారి వెళ్ళే రోడ్డు మీద, ఎదిగే వయసు పిల్లలకి మనసు బాగోలేనప్పుడు చేర్చే ఆసుపత్రి అది. అందులో ఆడపిల్లల వార్డుకి సింహాచలమ్మ ఆయా. పొట్టి మనిషి, వెడల్పాటి మనిషి. మోకాళ్ళు రెండూ అరిగిపోయి, కూర్చుంటే లేవడానికి, లేస్తే కూర్చోవడానికి కాసేపు మొరాయిస్తాయి. విజయనగరం జిల్లా నుంచి పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు పెట్టుకున్న ముక్కుపుడకలు రెండూ డ్యూటీలో ఉండవు. గుచ్చుకునే వస్తువేదీ వార్డులోకి రాకూడదు. అందుకని గేటు దగ్గరే తీసి పర్సులో వేసుకుని, బెజ్జాలు పూడిపోకుండా వేపపుల్ల ముక్కలు పెట్టుకుంటుంది. చేతులకి గాజులు కూడా ఈ ఉద్యోగంలో చేరిన నాడే తీసేసింది. అప్పటికి మొగుడు దాలయ్య నిక్షేపంలా ఉన్నాడు. మొగుడు బతికుండగా బోడిచేతులేమిటని అత్తగారు ఒంటికాలి మీద లేచింది. దాలయ్య మాత్రం అన్నం కలుపుకుంటూ, "నా ఆయుస్సు దీని గాజుల్లో నేదే అమ్మా, సేఫ్టీ బూట్లలో ఉంది" అన్నాడు. స్టీలు ప్లాంటు మనిషి మరి, అలాగే అంటాడు.

ఈ వార్డులో తలుపులకి లోపల గడియలుండవు. కిటికీ తెరలకి తాళ్ళుండవు. పిల్లల పైజామాలకి బొందుల బదులు ఎలాస్టిక్ ఉంటుంది. ఎందుకని ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. ఒకప్పుడు పిల్లలు స్నానానికి వెళ్తే ఆయా తలుపు బార్లా తెరిచి, ఎదురుగా నిలబడి కళ్ళప్పగించి చూస్తూ ఉండాల్సి వచ్చేది. పిల్లలకి ఏ ప్రమాదమూ జరగలేదు గానీ, వాళ్ళు స్నానం మానేశారు. పదిహేనేళ్ళ పిల్ల ఎవరో చూస్తుండగా నీళ్ళెలా పోసుకుంటుంది? వార్డు ఇన్‌ఛార్జి రజనీకుమారి సిస్టరు, డాక్టరు సురేంద్రనాథ్ కూర్చుని చాలా రోజులు తలలు పట్టుకున్నారు. మరీ ప్రమాదంలో ఉన్న పిల్లలకి పాత పద్ధతే ఉంచారు. కాస్త తేరుకున్న పిల్లలకి మాత్రం తలుపు కొంచెం తెరిచి ఉంచి, ఆయా వీపు తిప్పి కూర్చుని, మాటతో కాపలా కాయాలని తేల్చారు. బయటినుంచి ఆయా ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి, లోపలినుంచి జవాబు వస్తూ ఉండాలి. మాట్లాడలేని పిల్ల మగ్గుతో బకెట్ మీద టక్కుమని కొట్టినా చాలు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ స్ప్రింగు తలుపు ఎవరి మాటా వినలేదు. వదిలేస్తే మూసుకుపోయేది. ఇటుక అడ్డం పెడితే వార్డంతటికీ లోపల కనపడేంత తెరుచుకునేది. సింహాచలమ్మ ఇంటికి వెళ్ళి ఆ తలుపుని నోటికొచ్చినట్టు తిట్టింది.

దాలయ్య ప్లాంటులో ప్యాటర్న్ షాపు వడ్రంగి. పోత పోయబోయే ఇనుప భాగాలకి ముందుగా కర్రతో నమూనాలు చేయడం అతని పని. ఆమె తిట్లు అయిపోయేదాకా ఆగి, "ఎంత సందు కావాలేటి?" అన్నాడు. ఆమెకి కొలతలు రావు. నాలుగు వేళ్ళు చూపించింది. అతను ఆమె చేతిని ఒక టేకు ముక్క మీద ఆనించి, వేళ్ళకి ఇటూ అటూ పెన్సిలు గీతలు గీశాడు. ఒక పక్క పలచగా తలుపు కిందికి దూరేటట్టు, రెండో పక్క నాలుగు వేళ్ళ వెడల్పున దిమ్మలా ద్వారబంధానికి ఆనేటట్టు చెక్కాడు. ఆ గీతలు మాత్రం చెరిగిపోకుండా, ఆ ఆదివారమంతా గరుకు కాగితంతో రుద్దుతూనే ఉన్నాడు. "తలుపు కిందెట్టుకునే దానికి ఇంత సోకేటి?" అని ఆమె విసుక్కుంటే, "పిల్లల సోటు. అంచు ఉండకూడదు" అన్నాడు. ఆ తర్వాత చాలా కాలం అతనికి ఇదొక వేళాకోళం. మనింట్లో నాలుగు వేళ్ళు నోట్లోకి వెళ్తున్నది ఈ నాలుగు వేళ్ళ సందు వల్లనే అనేవాడు.

ఆ చెక్క తలుపు కిందన్నా ఉండాలి, సింహాచలమ్మ జేబులోనన్నా ఉండాలి. వార్డులో దానికి మూడో చోటు లేదు. ఇవాళ మాత్రం దానికి కొత్త చోటు దొరకబోతోంది. ఇవాళ సింహాచలమ్మ డ్యూటీకి ఆఖరి రోజు. "చెక్క మీ ఇంటిది పెద్దమ్మా, మీరు తీసుకెళ్ళండి. వడ్రంగిని పిలిపించి మేం ఇంకోటి చేయించుకుంటాం" అని రజనీకుమారి సిస్టరే చెప్పింది. సెక్టర్ 2 లో క్వార్టరు ముందు గదిలో దాలయ్య ఫోటో పక్కన గోడలో చిన్న గూడు ఉంది. అక్కడ పెట్టాలని ఆమె రాత్రే అనుకుని, పొద్దున్న లేస్తూనే ఆ గూడు తుడిచి వచ్చింది.

దాలయ్య పోయి కొన్నేళ్ళయింది. చలికాలం పొద్దున్న సంచీ పట్టుకుని, "ఎల్లొస్తానే" అని కూరలకి వెళ్ళాడు. మార్కెట్లో వంకాయలు ఏరుతూ కూలిపోయాడు. జీవితంలో మాట తప్పని మనిషి ఆ ఒక్కసారికి తప్పాడు.

అలాంటి మాటల విషయంలో సింహాచలమ్మకి పట్టింపు ఎక్కువ. ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు "వస్తాను" అనాలి, "వెళ్తున్నాను" అనకూడదు. ఆసుపత్రిలో దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడినుంచి ఇంటికి వెళ్ళే పిల్ల "వస్తాను" అన్నదంటే ఆమె ఊరుకోదు. మళ్ళీ ఎందుకు రావాలి ఇక్కడికి? అందుకని హిందీ పిల్లలకి కూడా "ఎల్తన్నాను" అనే ముక్క నేర్పి పెట్టింది. రాయపూర్ పిల్లలూ దుర్గ్ పిల్లలూ గుమ్మం దాటుతూ "ఎల్తన్నానూ" అని రాగం తీస్తుంటే కాపలావాడు కూడా నవ్వేవాడు.

ఇవాళ ఆ మాట అనాల్సిన పిల్ల హేమశ్రీ. డాక్టరు చూసి సరేనంటే మధ్యాహ్నం ఇంటికి వెళ్తుంది. పుట్టి పెరిగింది భిలాయిలోనే. తండ్రిది ప్లాంటు ఉద్యోగం. ఇంట్లో తెలుగే గానీ ఆ పిల్ల నోట్లో హిందీ తిరిగినట్టు తెలుగు తిరగదు. వానాకాలంలో ఇంట్లో బాత్రూం గడియ వేసుకుని చేయరాని పని చేయబోయింది. ఆలస్యంగానైనా కనిపెట్టారు కాబట్టి దక్కింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో పెదవి విప్పలేదు. కళ్ళెదుట ఉంచుకోవాల్సిన రోజులు గడిచి, చెక్క పెట్టే రోజులు వచ్చాక కూడా అంతే. సింహాచలమ్మ స్టూలు మీద వీపు తిప్పి కూర్చుని వంకాయ కూర గురించీ, మోకాళ్ళ గురించీ, దాలయ్య గురించీ చెప్పుకుపోతుంటే లోపలినుంచి మగ్గు చప్పుడు ఒక్కటే జవాబు. ఒకరోజు ఉన్నట్టుండి, "మామ్మా, సాబున్ దో" అని వినపడింది. సబ్బు అందించిన చేతిని సింహాచలమ్మ ఆ రోజంతా తడిమి చూసుకుంది. అప్పటినుంచి ఆ పిల్లకి ఆమె మామ్మే. స్నానానికి లేచినప్పుడల్లా "వస్తా మామ్మా" అని చెప్పి మరీ లోపలికి వెళ్తుంది.

అటు చివరి మంచం మీద నిన్న వచ్చిన కొత్త పిల్ల దులారీ గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఛత్తీస్‌గఢీ పల్లెటూరి పిల్ల. రాత్రి వేసుకున్న బట్టలే ఒంటిమీద ఉన్నాయి, జుట్టు అట్టలు కట్టింది. చెక్క పెట్టి కూర్చుంటే సరిపోతుందని డాక్టరు చూసి చెప్పాడు. కానీ ఆ పిల్ల కదలదు. సింహాచలమ్మ దగ్గరికి వెళ్ళి, తలుపు వైపు చేయి చూపించి, తన కళ్ళు మూసుకుని, వీపు తిప్పి నిలబడి నాటకమంతా ఆడి చూపించింది. దులారీ నవ్వలేదు. కానీ ఫలహారానికి ఇచ్చిన అటుకుల పోహా సగం తిన్నది. ఆ తర్వాత చాలాసేపటికి తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయా పని నేర్చుకుంటున్న కనకలత అది చూసి మోచేత్తో పొడవబోతే, "సూడనట్టుండు" అని సింహాచలమ్మ గొణిగింది.

హేమశ్రీ భుజాన తువ్వాలు వేసుకుని, మంచం పట్టీల మీద వేళ్ళతో దరువు వేసుకుంటూ వచ్చింది. బాత్రూం తలుపు తీసుకుని, ఒక కాలు లోపల పెట్టి, వెనక్కి తిరిగి స్పష్టంగా అంది:

"ఎల్తన్నాను మామ్మా."

తలుపు చెక్కకి ఆనుకుంది. సింహాచలమ్మ స్టూలు మీద కూర్చోబోతూ ఆగిపోయింది. పొరపాటున విన్నానేమో అనుకుంది. పొరపాటు కాదు, మాట చెవిలోనే ఉంది. లోపల కుళాయి తిప్పిన చప్పుడయింది.

"ఏటే గుంటా, ఇంటికెల్లగానే ముందేటి తింతావు?"

నీళ్ళు పడుతున్నాయి. జవాబు లేదు.

"నిన్నే. మీ యమ్మ సేపల పులుసెడతాదా?"

కుళాయి ఆగింది. ఇప్పుడు నీళ్ళ చప్పుడు కూడా లేదు. మగ్గు చప్పుడూ లేదు.

సింహాచలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. కూర్చుంటే లేవనివ్వని ఆ మోకాళ్ళు ఏ దేవుడి పుణ్యమో అడ్డు చెప్పలేదు. తలుపుని రెండు చేతులా పట్టుకుని లాగింది. చెక్క ఎగిరి గోడకి తగిలింది. తలుపు బార్లా తెరుచుకుంది.

హేమశ్రీ ముఖం నిండా సబ్బు నురగతో, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు చాచి మగ్గు కోసం తడుముకుంటోంది. జవాబు చెప్పాలంటే నోరు తెరవాలి, నోరు తెరిస్తే సబ్బు. మగ్గు కొడదామంటే దొరకలేదు. ఒంటికి గాలి తగిలేసరికి విషయం అర్థమై, రెండు చేతులూ ఒంటికి అడ్డం పెట్టుకుని ఆ పిల్ల అరిచిన అరుపుకి వార్డు దద్దరిల్లింది.

కనకలత పరుగెత్తుకొచ్చి దుప్పటి తెరలా పట్టుకుని, చుట్టూ మూగుతున్న పిల్లల్ని వెనక్కి పంపింది. ఆ పని పొందిగ్గా చేసింది, పాపం. సింహాచలమ్మ మాత్రం తెరిచిన తలుపు పట్టుకునే నిలబడిపోయింది. ఆ దుప్పటి పక్కనుంచి ఆమెకి చివరి మంచం కనపడింది. తువ్వాలు చేత పట్టుకుని నిలబడిన దులారీ, బార్లా తెరిచి ఉన్న ఆ తలుపు వైపు చూసి, మళ్ళీ కూర్చుని గోడ వైపు తిరిగిపోయింది.

హేమశ్రీ బట్టలు తొడుక్కుని వచ్చి తల మీదుగా దుప్పటి కప్పుకుంది. "దర్వాజా ఖోల్ దియా" అంది, తలుపు తెరిచేశావన్న ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు. సింహాచలమ్మ దగ్గరికి వెళ్తే దుప్పటి ఇంకా బిగుసుకుంది.

రజనీకుమారి సిస్టరు ఆమెను పక్కకి పిలిచి, "ఏం జరిగింది పెద్దమ్మా?" అంది. గొంతులో కోపం లేదు. కాలు జారి తలుపు మీద పడ్డానంటే సరిపోయేది. అరిగిపోయిన ఆ మోకాళ్ళని చూసినవాళ్ళెవరైనా నమ్ముతారు.

"ఎల్తన్నాను అన్నాది సిస్టరమ్మా. రోజూ వస్తా అంటాది. పిలిస్తే పలకనేదు. నాకు దడ పుట్టింది."

సిస్టరు నవ్వలేదు. ఆమెదీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబమే, ఆ మాటకీ ఈ మాటకీ మధ్య ఎంత దూరమో ఆమెకి తెలుసు. "ఇది డాక్టరుగారికి చెప్పాలి. చెప్తే ఇవాళ ఇంటికి పంపడం ఆపేయవచ్చు. పిల్ల చూస్తే ముఖం చూపించడం లేదు" అంది.

"సెప్పకపోతే ఎలాగమ్మా. నిజంగా ఏటైనా ఉంటే? నానే వచ్చి సెప్తాను."

అన్నది గానీ ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఏ తలుపుని బార్లా తెరుచుకోకుండా కాపాడుకుంటూ వచ్చిందో, ఆఖరి రోజున దాన్ని తన చేత్తోనే తెరిచింది. ఒక పిల్ల ఇంటికి వెళ్ళకుండా పోతుందేమో, ఇంకో పిల్ల స్నానానికి లేవకుండా పోతుందేమో. గోడ వారన పడి ఉన్న చెక్కని వంగి తీసి, కొంగుతో తుడిచి జేబులో వేసుకుంది. వేళ్ళు సందులో పెట్టి చూసుకోవాలన్న ధ్యాస కూడా రాలేదు.

డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి హేమశ్రీ తల్లి హేమమాలిని అక్కడే కూర్చుని ఉంది. ఒళ్ళో కొత్త చుడీదారు సంచీ. కూతుర్ని తీసుకెళ్ళడానికి తలంటుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. సిస్టరు వెనకాల హేమశ్రీ వచ్చి కుర్చీ చివర కూర్చుంది. చెవి పక్కన సబ్బు ఎండిపోయి తెల్లగా ఉంది. ఎవరి వైపూ చూడలేదు.

సింహాచలమ్మ నిలబడి, జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పింది. తన తప్పు ఉంటే తప్పేనని కూడా చెప్పింది. హేమమాలిని ఒళ్ళోని సంచీని గట్టిగా పట్టుకుంది.

సురేంద్రనాథ్ కూడా భిలాయిలో పెరిగిన తెలుగువాడే. అతని తెలుగు సగం హిందీలో నడుస్తుంది. కుర్చీ ముందుకి జరుపుకుని, "హేమశ్రీ, రోజూ వస్తా అంటావంట కదా. ఆజ్ వెళ్తున్నాను అని ఎందుకన్నావ్? కోప్పడటానికి కాదు, తెలుసుకుందామని" అన్నాడు.

హేమశ్రీ తలెత్తింది. ఆ ముఖంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"మామ్మే బోలీ కదా!"

"నానా?" అంది సింహాచలమ్మ.

"కల్ నువ్వే చెప్పావు! ఇంటికెళ్ళే రోజున వస్తాను అనకూడదు, ఎల్తన్నాను అనాలి అని. ఆజ్ ఇంటికెళ్ళే రోజే కదా! సుబహ్ నుంచీ ఒక్కసారి కూడా వస్తాను అనలేదు నేను. నాష్తాకి వెళ్ళేప్పుడు కూడా అనలేదు. కనకం దీదీని పూఛో!"

సిస్టరు కిటికీ వైపు తిరిగిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. డాక్టరు కళ్ళజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడిచాడు.

"ఓలమ్మో!" సింహాచలమ్మ నోటిమీద చేయి వేసుకుంది. "గుమ్మం దాటినప్పుడనమన్నానే గుంటా! రోజల్లా అనమన్నానా? బాత్రూంకి ఎల్తే అనమన్నానా?"

"నాకేం తెలుసు! అలా చెప్పలేదు నువ్వు!"

అది నిజమే. అలా చెప్పలేదు. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకి ఇది విడమరిచి చెప్పాలని ఆమెకి తట్టనే లేదు.

"తలుపు తీసేసినందుకు కోపం వచ్చిందా?" అని డాక్టరు అడిగాడు.

"బహుత్." హేమశ్రీ చెవి దగ్గర ఎండిన సబ్బుని గోటితో గీకింది. చాలాసేపు గీకుతూనే ఉంది. "ఇంట్లో కుండీ, గడియ పెట్టుకున్నాను కదా, ఆ రోజు... బయట టీవీ వినపడుతోంది. మమ్మీ ఉంది. ఎవరూ పిలవలేదు. నేను చాలాసేపు విన్నాను, ఎవరైనా పిలుస్తారేమో అని." వెంటనే చిరాగ్గా సింహాచలమ్మ వైపు చూసింది. "ఇక్కడేమో రెండుసార్లు పలకకపోతే... సబ్బు కూడా కడుక్కోనివ్వలేదు!"

అంటూనే నవ్వేసింది, నవ్వుతూనే ఏడ్చేసింది. హేమమాలిని లేచి కూతురి తలని పొట్టకి హత్తుకుంది. సబ్బు అంటుకున్న మంచి చీర సంగతి ఆమెకి పట్టలేదు. సింహాచలమ్మ కన్నీళ్ళు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

డాక్టరు అందరినీ బయటికి పంపి హేమశ్రీతో ఒంటరిగా మాట్లాడాడు. తొందరపడలేదు. తలుపు తీసి మళ్ళీ పిలిచేసరికి పోహా గిన్నెలు కడిగి, పప్పు అన్నం వడ్డించే వేళయింది. ఇవాళే ఇంటికి వెళ్ళవచ్చునని చెప్పాడు. వారం తిరగకుండా చూపించడానికి రావాలన్నాడు. హేమమాలిని దండం పెట్టి, మెల్లగా చెప్పింది:

"మా ఇంట్లో బాత్రూం గడియ పీకించేశామండీ. మావారు తలుపే తీయించేద్దామంటున్నారు. భయం మరి."

హేమశ్రీ ముఖం చిన్నబోయింది.

"గడియ వద్దు. తలుపు మాత్రం ఉండనివ్వండి. కొన్నాళ్ళు మాట వినపడే దూరంలో ఉండండి" అన్నాడు డాక్టరు.

"తలుపు మూసుకుపోకండా సెప్పు అడ్డమెట్టుకోవాల" అని సింహాచలమ్మ అందుకుంది. "ఒలేయ్, నీ సెప్పు నువ్వే ఎట్టుకో. అమ్మ ఎట్టకూడదు, నాన్న ఎట్టకూడదు. నువ్వే."

హేమశ్రీ తన కాళ్ళ వైపు చూసుకుని సరేనంది. హేమమాలిని ఇంకా నిలబడే ఉంది. "బయట కూర్చుని ఏం మాట్లాడాలండీ?" అంది సిగ్గుపడుతూ. "మాకు అలవాటు లేదు."

"ఏటో ఒకటి తల్లీ. కూరేటి వొండమంటావని అడుగు. నాను అలాగే మొదలెట్టినాను."

డాక్టరు సింహాచలమ్మ వైపు తిరిగి, "రేపు ఇంకో పిల్ల ఇలాగే అని, పలకకపోతే?" అన్నాడు.

"తలుపు తీస్తాను బాబూ" అనేసి, నాలిక కరుచుకుంది. "నాను కాదు, కనకం తీస్తాది."

"తీయాల్సిందే" అన్నాడు డాక్టరు, గుమ్మం దగ్గర నిలబడి వింటున్న కనకలతతో.

అన్నాలయ్యాక హేమశ్రీ మిగిలిన సబ్బు కడుక్కుని, కొత్త చుడీదారు వేసుకుని వచ్చింది. వెళ్తూ వెళ్తూ చివరి మంచం దగ్గర ఆగింది. గోడ వైపు తిరిగి ఉన్న దులారీ వీపుతో హిందీలో చెప్పింది. మౌసీ చూడదు. వీపు తిప్పి కూర్చుంటుంది. నువ్వు జవాబిస్తూ ఉండు, నోట్లో సబ్బుంటే మగ్గు కొట్టు. మగ్గు మాత్రం చేతికందేటట్టు పెట్టుకో. లేకపోతే పులిలా దూకుతుంది. హేమశ్రీ గుమ్మం దాటి, అవతల నిలబడి, ఊరంతా వినపడేలా అరిచింది:

"ఎల్తన్నానూ మామ్మా! అబ్ ఠీక్ హై?"

"ఇప్పుడు సరిగ్గున్నాది. ఎల్లు తల్లీ. ఎనక్కి సూడకు."

ఆ పిల్ల వెనక్కి చూడలేదు. చూడకుండా చేయి మాత్రం ఊపుతూ వెళ్ళింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగే వేళకి సిస్టరు సమోసాలు తెప్పించింది. ఒక శాలువా కప్పి ఫోటో తీశారు. పిల్లలు రంగు కాగితాలు కత్తిరించి చేసిన పువ్వొకటి ఇచ్చారు. మొద్దు కత్తెరతో కత్తిరించారేమో, రేకులు వంకరటింకరగా ఉన్నాయి. సింహాచలమ్మ ఏప్రాన్ విప్పి మడత పెట్టి కనకలతకి ఇచ్చింది. చెక్కని శాలువా మడతలో పెట్టి సంచీలో వేసుకుంది. గుమ్మం దగ్గర నిలబడి ఒక క్షణం తటపటాయించింది. రోజూ ఇక్కడ "వస్తాను" అని వెళ్ళే మనిషి. పిల్లలందరూ ఏమంటుందా అని నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఎల్తన్నానే" అంది చివరికి. చప్పట్లు మోగాయి.

గేటు దగ్గర కాపలావాడి బల్ల మీద కూర్చుని వేపపుల్లలు తీసేసి, ముక్కుపుడకలు పెట్టుకుంది. రోడ్డు మీద భిలాయి వైపు వెళ్ళే ఆటో ఒకటి ఆగి, పవర్ హౌస్, పవర్ హౌస్ అని అరుస్తోంది. చిల్లర కోసం సంచీలో చేయి పెడితే వేళ్ళకి చెక్క తగిలింది. నున్నగా, ఒక్క అంచు లేకుండా ఉంది. ఆమె దాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది. తుడిచిపెట్టిన గూడు గుర్తొచ్చింది. దాలయ్య ఫోటో గుర్తొచ్చింది. ఫోటో పక్కన ఇది ఏ తలుపుని ఆపుతుంది? ఆదివారమంతా అతను రుద్దింది గూట్లో పెట్టుకోవడానికా? ఆటోవాడు ఇంకోసారి అరిచి, ఆమె కదలకపోతే వెళ్ళిపోయాడు.

సింహాచలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, వెనక్కి నడిచింది.

వార్డులోకి అడుగు పెడుతూనే ఆగిపోయింది. చివరి మంచం ఖాళీగా ఉంది. బాత్రూం దగ్గర కనకలత స్టూలు మీద వీపు తిప్పి కూర్చుని, ఒక కాలు వెనక్కి చాచి మడమతో తలుపుని ఆపుతూ నానా యాతనా పడుతోంది. స్ప్రింగు ఆ కాలిని నెడుతోంది. తలుపు ఒకసారి మూసుకుపోబోతోంది, ఒకసారి తెరుచుకోబోతోంది. లోపల నీళ్ళ చప్పుడు వినపడుతోంది.

"ఎల్తన్నానని వచ్చేసింది మౌసీ!" అని ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె పెదవి మీద వేలు పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళి, తల పక్కకి తిప్పుకుని వంగి, చెక్కని తలుపు కిందికి నెట్టింది. తలుపు మూలిగి ఆగింది. కనకలత కాలు తీసి హమ్మయ్య అనుకుని, అంతలోనే గుర్తొచ్చి గుసగుసగా అంది:

"పెద్దమ్మా, అది మీ ఇంటిది కదా!"

"మా ఇంట్లో నానొక్కదాన్నే ఉన్నాను. ఎవరికెట్టాల?" సింహాచలమ్మ నాలుగు వేళ్ళూ చేర్చి సందులో పెట్టి చూసుకుంది. సరిపోయింది. "అడుగు, ఏటో ఒకటి అడుగు. మాట ఆపకు."

కనకలత తడబడుతూ, మీ ఊళ్ళో ఏమి వండుకుంటారని తలుపు లోపలికి హిందీలో అడిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత బకెట్ మీద మగ్గు ఒకసారి, చిన్నగా, టక్కుమంది.

ఆమె ఇక నిలబడలేదు. చెప్పాల్సిన మాట ఇందాకే చెప్పేసింది కాబట్టి ఈసారి ఏమీ అనకుండానే గుమ్మం దాటింది. ఆమె వెనకాల మగ్గు ఇంకోసారి మోగింది. తలుపు సందులోంచి సబ్బు నీళ్ళు సన్నగా పాకుతూ వచ్చి చెక్కని తాకాయి. దాని మీద పెన్సిలు గీతలు తడిసి, ఇంతకుముందు కంటే నల్లగా కనపడుతున్నాయి, ఇటొకటి, అటొకటి, మధ్యలో నాలుగు వేళ్ళ చోటు.